తోడు వెళ్ళిన తాతయ్య

నా చిన్నప్పుడు మా తాతయ్య మాట్లాడుతూనే ఆగిపోయి, గోడకు చెయ్యి ఆనించి నిలబడేవారు. ఆయన గుండె ఉన్నట్టుండి పరుగెత్తేది, మధ్యలో కొట్టుకోవడం మరిచిపోయేది. ఎవరైనా చూస్తే సున్నం రాలుతోందని గోడను తిట్టేవారు.

విజయనగరం దగ్గర మా జమీందారీ పోయాక నాన్నగారు భిలాయి ఉక్కు కర్మాగారంలో గుమాస్తాగా చేరారు. మాకు సెక్టర్ ఆరులో చిన్న క్వార్టరు ఇచ్చారు. ఉద్యోగుల ఇంటివాళ్ళకు కంపెనీ ఆసుపత్రిలో వైద్యం ఉచితం. ఆ ఉచితమన్న మాటే తాతయ్యకు గిట్టేది కాదు. "మనం ధర్మాసుపత్రి కట్టించినవాళ్ళం, అందులో పడుకునేవాళ్ళం కాదు" అనేవారు. నాన్నగారు ఎంత బతిమాలినా కదలలేదు. ఆయన పెదవులు నల్లబడటం చూసి అమ్మ వంటింట్లో ఏడ్చేది.

పక్కింటి అక్క శ్రీకాకుళం వైపు మనిషి, ఆ ఆసుపత్రిలోనే నర్సు. ఒక ఉదయం నుదురు పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది.

"తాతగోరూ, ఒకటే కళ్ళు తిరుగుతున్నాయండి. మా ఆయన షిఫ్టుకెళ్ళిపోనారు. ఆస్పత్రి దాకా తోడొస్తారేటి?"

మా వంశంలో ఆడవాళ్ళను ఒంటరిగా గడప దాటనిచ్చేవారు కాదు. తాతయ్య వెంటనే కోటు తొడుక్కుని, తలపాగా సర్దుకున్నారు. నేనూ వాళ్ళతో రిక్షా ఎక్కాను.

అక్కడ అక్క డాక్టరుగారితో మెల్లగా ఏదో చెప్పింది. "బాబూజీ, ఎలాగూ వచ్చారు కదా, లేటియే" అంటూ ఆయన తాతయ్యను బల్ల మీద పడుకోబెట్టి, చేతులకూ కాళ్ళకూ తీగలు తగిలించారు. యంత్రంలోంచి వచ్చిన కాగితం మీద గీత ఒకచోట దట్టంగా వణికి, మరోచోట ఊరికే సాగిపోయింది. గుండెను కొట్టించే సన్నని విద్యుత్తు పుట్టవలసిన చోట కాక ఎక్కడెక్కడో పుడుతోందని ఆయన హిందీలో అంటే, అక్క తెలుగులో చెప్పింది.

"జమీ ఎప్పుడో పోయింది. ఇప్పుడు ఇది కూడా నా మాట వినడం మానేసిందన్నమాట" అన్నారు తాతయ్య.

తిరుగు దారిలో అక్క తల దించుకుంది. "మోసం చేసీసినాను తాతగోరూ. తిట్టీయండి."

"వెళ్ళేటప్పుడే తెలిసిందమ్మా. కళ్ళు తిరిగేది నీకైతే, నా మోచెయ్యి పట్టుకుని రిక్షా ఎక్కించావేమిటి?" అన్నారు తాతయ్య. "అయినా ఆడపిల్ల తోడు రమ్మంటే కాదనే ఇల్లు కాదు మాది" అన్నారు.

మందులు కొన్నాళ్ళు కాపాడాయి. వానలు రాకముందే, ఆ ఆసుపత్రి మంచం మీదే, ఆయన పోయారు. మమ్మల్ని లోపలికి పిలిచేముందు అక్క తీగలన్నీ తీసి, ఆయనకు కోటు తొడిగి ఉంచింది.

ఇప్పుడు నాకూ ఆయన వయసు వచ్చింది. సాయం అడగడం నాకు నేటికీ చేతకాదు. కానీ మా కోడలు బజారుకు తోడు రమ్మని పిలిచి, డాక్టరు ఉన్న వీధి వైపు నడిపిస్తుంది. ఆ సంగతి తెలిసినా, ఏమీ ఎరగనట్టే చెప్పులు వేసుకుంటాను.