నీళ్ళలో మనిషి ఆటకి నా వంతు

నా చిన్నప్పుడు నాకు జరిగిన అన్యాయాలన్నీ నాకు వరసగా గుర్తున్నాయి. వాటిలో న్యాయం దొరికింది ఒక్కదానికే. అది వీడియో గేమ్ విషయంలో.

మాది శ్రీకాకుళం తీరంలో చేపల వేట మీద బతికే కుటుంబం. మా చిన్నాన్న ఏటా గుజరాత్ వెళ్ళి అక్కడి బోట్ల మీద పనిచేసేవాడు. ఒక వేసవిలో తిరిగి వస్తూ టీవీకి తగిలించే గేమ్ పెట్టె తెచ్చాడు. దానితో రెండు రిమోట్లు, బోలెడు ఆటలున్న పసుపు రంగు క్యాసెట్టు ఒకటి. మాది నలుపు తెలుపు టీవీ. అయినా మధ్యాహ్నం అయ్యేసరికి ఇంటినిండా పిల్లలే. గడియారంలో పెద్దముల్లు ఒక అంకె నుంచి ఇంకో అంకెకి వెళ్ళేదాకా ఒకరి వంతు. అందరికీ అదే కొలత.

ఒక్కొక్కరి రుచి ఒక్కో రకం. మా మేనత్త కొడుకు, నాకు బావ, తుపాకీ ఆట తప్ప ఇంకోటి ముట్టుకునేవాడు కాదు. తెర మీద అంకెలు పెరుగుతుంటే అతని మెడ కూడా పొడుగయ్యేది. మా చెల్లికి బొమ్మ చచ్చిపోయినప్పుడు వచ్చే చప్పుడు ఇష్టం, అందుకని వెళ్ళి వెళ్ళి గోతిలో దూకేది. చిన్నాన్నకి ఆటకి ముందు వచ్చే సంగీతం చాలు, అది విని లేచి వెళ్ళిపోయేవాడు. నాకు నచ్చింది నీళ్ళలో మునిగే మనిషి ఆట. బటన్ నొక్కితే అతను పైకి తేలతాడు, వదిలేస్తే మెల్లగా కిందికి దిగుతాడు. ముందుకు పోతే శత్రువులు వస్తారు కాబట్టి నేను ముందుకు పోయేదాన్ని కాదు. మొదటి తెర మీదే, నాచు మధ్య అతన్ని తిప్పుకుంటూ ఉండేదాన్ని. మా ఇంట్లో మగవాళ్ళంతా సముద్రం మీదికి వెళ్ళేవాళ్ళు. ఆడపిల్లని పడవ ఎక్కనిచ్చేవారు కాదు. ఆ నీళ్ళ అడుగున కాసేపు ఉండటం ఎంత బాగుండేదో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

ఒకరోజు నా వంతు మొదలైన కాసేపటికే బావ నా చేతిలోని రిమోట్ లాగేసుకున్నాడు.

"ఎవుడ్నీ సంపవు, ఎక్కడికీ ఎల్లవు. అదేటి ఆటే? ఆడ్డం రానోళ్ళకి ఇకనించి వంతు నేదు."

మిగతా పిల్లలు వెంటనే ఒప్పేసుకున్నారు. నేను పోతే వాళ్ళకి వంతులు తొందరగా వస్తాయి కదా. అందులో మా చెల్లి కూడా ఉంది, దాని సంగతి వేరే.

అమ్మకి చెప్తే, చేపలు ఎండేస్తూ తర్వాత చూద్దామంది. మేనత్త తన కొడుకు మగపిల్లాడని గుర్తు చేసింది. చిన్నాన్న నవ్వాడు. ఆ నవ్వుకి ఆయనతో చాలా రోజులు మాట్లాడలేదు. చివరికి ఒడ్డున వల బాగుచేసుకుంటున్న మా తాత దగ్గర కూర్చుని మొత్తం చెప్పాను. తాత సూది ఆపకుండా విన్నాడు. ఆ ఆటలో ఏముందని మాత్రం అడగలేదు. ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు అలా అడగని మనిషి ఆయనొక్కడే. సాయంత్రం తాడు లాగడానికి రమ్మన్నాడు, అంతే.

సాయంత్రం పెద్ద వల ఒడ్డుకి లాగారు. మా దగ్గర తాడు పట్టిన ప్రతివాళ్ళకీ వాటా ఉంటుంది, పిల్లలకి కూడా. చేపల్ని ఇసుక మీద కుప్పలుగా పోస్తారు. ఒక మనిషి కుప్పలకి వీపు పెట్టి నిలబడతాడు. వెనకనుంచి ఇంకొకరు ఒక కుప్ప మీద చెయ్యి పెట్టి ఇది ఎవరిదని అడిగితే, అతను చూడకుండా ఒక పేరు చెప్పాలి. అలా పడిన వాటాకి ఇక తిరుగులేదు. ఆ రోజు పిల్లల కుప్పలకి పేర్లు చెప్పే పని తాత బావకే ఇచ్చాడు. అతనికి మంచి నెత్తళ్ళ కుప్పే పడింది.

బావ వాటిని ఏరుకోబోతుంటే తాత పక్కన కూర్చుని, వీటిని ఏం చేయించుకుంటావని అడిగాడు. వేపుడు అన్నాడు బావ.

"ఏపుడేట్రా? నెత్తళ్ళంటే పులుసే. పులుసెట్టనోడికి వాటా నేదు" అని తాత ఆ కుప్పని రెండు చేతులతో ఎత్తి నా గంపలో పోశాడు.

బావ నా గంప అంచు పట్టుకున్నాడు. "అది నా వాటా తాతా. ఏపుకుంటానో, పిల్లికి పడేస్తానో నా ఇష్టం."

"మరి దాని వంతో?" అన్నాడు తాత, నన్ను చూపిస్తూ.

చుట్టూ ఉన్న పెద్దవాళ్ళు నవ్వారు. తాత నవ్వలేదు. బావ ఇసుక వైపు చూస్తూ, సరే ఆడుకోమను అని గొణిగాడు. అప్పుడు తాత నా గంపలోంచి చేపలు తీసి అతనికి తిరిగి పోశాడు. కొన్ని నా గంప అడుగునే ఉండిపోయాయి. నేను గుర్తు చెయ్యలేదు.

మర్నాడు నా వంతు నాకు వచ్చింది. బావ పక్కనే మూతి ముడుచుకుని కూర్చున్నాడు. కాసేపటికి ముందుకు జరిగి, "అంతసేపు నీళ్ళల్లో ఉంటే ఆడికి ఊపిరాడతాదేటే?" అని అడిగాడు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు. ఆడుతుందన్నాను. రిమోట్ లాక్కున్నందుకు తప్పైందని మాత్రం ఇప్పటికీ అనలేదు. పెళ్ళిళ్ళలో కలిసినప్పుడల్లా ఎదురుచూస్తూనే ఉంటాను.

ఎవరైనా ఆటలో మునిగి ఉంటే అందులో ఏముందని నేను ఇంతవరకూ అడగలేదు. మా కోడలు పని నుంచి వచ్చాక ఫోన్లో ఏదో ఇల్లు సర్దే ఆట ఆడుతుంది. కుర్చీ ఇటు జరుపుతుంది, మళ్ళీ అటు జరుపుతుంది. గెలుపూ ఓటమీ ఏమీ కనపడవు. నాకు ఒక్క ముక్క అర్థం కాదు. ఉన్న ఇల్లు సర్దుకోవచ్చు కదా అని పక్కింటావిడ ఒకసారి అంది. అప్పటినుంచి ఆవిడకి కూర పంపడం మానేశాను. కోడలి ఆట అయ్యేదాకా పొయ్యి మీద పాలు నేనే చూసుకుంటాను.