నాలుగో రోజు సిస్టరమ్మ అడిగిన మాట

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. మా పక్కింటి సిస్టరమ్మ పోయి పదకొండు రోజులైంది. ఆమెకు పొగడ్త గిట్టదు. పైగా ఆమె గురించి రాయాలంటే మా మేనల్లుడి సంగతి రాయాలి. చివరికి వాడినే అడిగాను. "రాయి మామా. నా పేరు మాత్రం ఎయ్యాకు" అన్నాడు.

మంగళవారం పొద్దున ఆమె కుళాయి కింద బిందె పెట్టి, నిలబడ్డ మనిషి నిలబడినట్టే కూలిపోయింది. మార్కాపురంలో మా వీధి మొత్తానికి నాడి చూడటం వచ్చింది ఆమె ఒక్కదానికే. మరి ఆమె నాడి చూసేదెవరు? నేనే మణికట్టు పట్టుకున్నాను. "కొట్టుకుంటాంది, కొట్టుకుంటాంది!" అని అరిచాను. అది నా వేలిలో కొట్టుకుంటున్న నా నాడేనట. అంబులెన్సు వాళ్ళు చెప్పేదాకా నాకు తెలియలేదు. ఇప్పటికీ ఆ వేలు చూసుకుంటూ ఉంటాను.

ఆమెది రాచర్ల దగ్గర పల్లె. బెంగళూరులో మత్తుకు అలవాటు పడ్డవాళ్ళ వార్డులో ముప్పై ఏళ్ళు నర్సుగా చేసి, రిటైరయ్యాక మా పక్కిల్లు అద్దెకు తీసుకుంది. ఎవరినీ "బాగుండావా" అని అడిగేది కాదు. "అట్ల అడిగితే బాగుండా అంటారు, మాట అయిపాయె. నిన్న ఏం తింటివి, ఎన్ని గంటలకు లేస్తివి అని అడగాల అన్నా" అనేది.

నేను బడికి పోలేదు. పలకల కార్ఖానాలో ఎక్కడెక్కడి పిల్లలకో పలకలు కోసి కోసి, చివరికి అంచు విరిగిన పలక ఒకటి ఇంటికి తెచ్చుకుని అక్షరాలు దిద్దుకున్నాను. అందుకే పలక గుణం నాకు తెలుసు. తడిగుడ్డతో పైపైన తుడిస్తే అక్షరం మాయమవుతుంది. ఆరాక సన్నగా మళ్ళీ తేలుతుంది. ఇది తెలిసినవాణ్ణి, ఇంట్లో మాత్రం మోసపోయాను.

మా అక్క, నేను ఒకే ఇంట్లో ఉంటాం. ఆమె కొడుకు, ముప్పై దాటినవాడు, బెంగళూరులో పెద్ద పెద్ద పార్టీలకు లైట్లు కట్టేవాడు. అక్కడ కొకైన్ అలవాటైంది. కిందటేడు "మానేసినా మామా" అంటూ సంచీతో దిగాడు. మాకు తెలిసింది సారా ఒక్కటే. అది మానితే చేతులు వణుకుతాయి, లేనివి కనిపిస్తాయి. వీడికి వణుకు లేదు, వాంతి లేదు. మూడు రోజులు మొద్దు నిద్ర. మధ్యలో లేచి రెండు సంగటి ముద్దలు మింగడం, మళ్ళీ పడుకోవడం. అక్క మొహం వెలిగిపోయింది. "గండం గడిచిందిరా తమ్ముడూ" అని నాలుగో రోజు నాటుకోడి కోయించి, సిస్టరమ్మను కూడా భోజనానికి పిలిచింది. అప్పటిదాకా పరువుకు జంకి ఆమెకు సంగతే చెప్పలేదు. ఆ వార్డులో ముప్పై ఏళ్ళు చేసిన మనిషిని గోడ అవతల పెట్టుకుని!

ఆమె వాడి ఎదురుగా కూర్చుంది. వాడు అన్నం కలుపుతున్నాడే గాని నోట్లో పెట్టుకోవడం లేదు. ఉప్పు సరిపోయిందా అన్నంత మామూలుగా ఆమె అడిగింది. "చచ్చిపోవాలనిపిస్తాందా నాయనా?"

అక్క గరిటె ఎత్తింది. "ఏంది తల్లీ ఆ మాట? కోడికూర వండి పిలిస్తే, ఇదా నువ్వు అడిగేది?"

సిస్టరమ్మ తల తిప్పలేదు. వాడినే చూస్తోంది.

"నిన్నట్నుంచి, పెద్దమ్మా" అన్నాడు వాడు.

మేం పండగ చేసుకుంటున్నది సరిగ్గా గండం మొదలైన మర్నాడు.

"తిన్నాడంటే ఆకలైందని. పండుకున్నాడంటే అలిసినాడని. అంతకు మించి అర్థం తీయాకండి" అంది సిస్టరమ్మ మాతో. వాడు లోపల గడియ పెట్టుకోకుండా, అప్పటికప్పుడు వాడి గది గడియ ఊడదీయించింది. కారు మాట్లాడి వాణ్ణి ఒంగోలులో మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకుపోయింది. దారిలో నేను తెలివి చూపించబోయాను. "దీన్ని మాన్పించే మాత్రే లేదంట గదా?"

"మాత్ర లేకుంటే మనిషి ఉండాల. నువ్వెందుకుండావన్నా?" అంది.

తర్వాత ఏమేం వస్తాయో ముందే చెప్పింది. అన్నీ వచ్చాయి. పీడకలలొచ్చాయి. చిన్నదానికీ పెద్దదానికీ మీద పడి అరిచాడు. ఏం తిన్నా గడ్డి నమిలినట్టుందన్నాడు, నెలల తరబడి. సిస్టరమ్మ రోజూ పొద్దున వచ్చి, సాసర్లో టీ పోసుకుని వాడి పక్కన కూర్చునేది. ఒకనాడు వాడు "టీలో అల్లం శానా ఎక్కువేసినారు" అని విసుక్కున్నాడు. ఆమె నా భుజం మీద చరిచి, "రుచి తెలుస్తాందన్నా వానికి!" అని పగలబడి నవ్వింది.

ఒక మాట మాత్రం నవ్వకుండా చెప్పింది. "కావాలనిపించేది నెలలైనాక కూడా వస్తాది. ఏ చావుకో పెళ్ళికో వస్తాది. ఆ పొద్దు వాణ్ణి ఒంటిగా ఇడవాకండి."

ఆ చావు ఆమెదే అవుతుందని ఎవరనుకున్నారు? నిజం చెప్పాలి. ఆమె పోయిందని తేలగానే నాకు ఏడుపు రాలేదు. వాడికి ఎట్ల చెప్పాలా అని భయం వేసింది. పొదిలిలో ఎవరి పెళ్ళికో లైట్లు కడుతున్నాడు. ఫోన్ చేయకుండా బస్సెక్కి పోయి చెప్పాను. నిచ్చెన దిగి, నేల మీద కూర్చున్నాడు.

మర్నాడు ఆమె పల్లెలో సమాధి చేశారు. పాస్టరుగారు ప్రార్థన చేశారు, ఆడవాళ్ళు పాట పాడారు. మావాడు మూడు పారల మట్టి వేశాడు. గిద్దలూరు బస్టాండుకు వచ్చేసరికి సాయంత్రమైంది. వాడు పళ్ళు బిగించి రోడ్డు వైపు చూస్తున్నాడు.

"ఏందిరా?" అన్నాను.

"కావాలనిపిస్తాంది మామా. శానా గట్టిగా."

వాడి మోచెయ్యి పట్టుకుని నిలబడ్డాను.

బెంగళూరు బస్సు వచ్చి మా ముందే ఆగింది. కండక్టరు తలుపులోంచి వంగి, "బెంగళూరా? రెండు సీట్లుండాయి, ఎక్కండి" అన్నాడు.

"లేదన్నా. మార్కాపురం పోవాల" అన్నాడు మావాడు.

కండక్టరు తలుపు వేసుకున్నాడు. బస్సు పోయింది.