బ్రేకు లెక్క

ఇంటర్ పరీక్షల ముందు ఒకరోజు, శంషాబాద్ నుంచి ఆరాంఘర్ పోయే బస్సులో కూర్చుని చలనం పాఠంలో లెక్కలు చేస్తున్నాను. బ్రేకు వేశాక లారీ ఎంత దూరంలో ఆగుతుందన్నది లెక్క. పక్కన కూర్చున్న ఖాకీ చొక్కా మనిషి చాలాసేపు నా నోట్‌బుక్కులోకి చూశాడు.

"బిడ్డా, అరవై స్పీడుల పోయే లారీ ఇరవై ఐదు మీటర్లల్ల ఆగుతదా? జర చూసి చెప్పు," అన్నాడు.

సూత్రం పెట్టి చేశాను. "ఆగదు కాకా. ఇంకో మూడు మీటర్లు పోతది."

"యాభైల పోతే?"

"ఇరవై మీటర్లల్లనే ఆగుతది." అంత తొందరగా జవాబు వచ్చినందుకు నాకు గర్వంగా కూడా అనిపించింది.

ఆయన తన చేతుల వంక చూసుకున్నాడు. "అయితే ఆ ఆడమనిషి బతుకుతుండె. నేను ఆమెను చూసిన కాడికెల్లి ఆమె దాంక పోలీసోళ్లు టేపు పెట్టి కొలిచిన్రు, ఇరవై ఐదు మీటర్లు. నీ తప్పు లేదని కోర్టుల కేసు గూడ కొట్టేసిన్రు."

నేను పేజీ తిప్పాను. ఆరాంఘర్ రాకముందే ఆయన దిగిపోయాడు.

నెల తర్వాత ఎంసెట్ క్లాసులో సార్ చెప్పారు, కన్ను చూశాక కాలు బ్రేకు మీదికి పోయేలోపు బండి నడిచే దూరం ఆ సూత్రంలో ఉండదని. అది కలిపి మళ్లీ లెక్క చేశాను. యాభైలో పోయినా ఆ లారీ ఇరవై ఐదు మీటర్లలో ఆగేది కాదు. ఆ సంగతి చెబుదామంటే, ఆయన పేరు గాని ఊరు గాని నేను అడగలేదు.