తనాబ్బిలో ఎర్ర చుక్క

ఉస్తాద్ పోయాడన్న కబురు ఆయన దుకాణం ఎదురుగా చాయ్ హోటల్ నడిపే కుర్రాడు ఫోన్ చేసి చెప్పాడు. "అక్కా, ఉస్తాద్ లేడింక. నమాజుకు లేసిండట, కాళ్లు చేతులు కడుక్కుంటనే కూలబడ్డడట. దవాఖానకు తీస్కపోయేలోపే అయిపోయింది." నేనప్పుడు ఒక పెళ్లికార్డు ప్రూఫ్ దిద్దుతున్నాను. వేలు పెళ్లికొడుకు పేరు మీదే ఆగిపోయింది. జనగామలో నాకు కంప్యూటర్ నేర్పిన మనిషి ఆయన. నేను సొంతంగా డీటీపీ సెంటర్ పెట్టుకుంటే రిబ్బన్ కట్ చేసిన మనిషి, ఇరవై ఏళ్లు "బిడ్డా" తప్ప మరో పేరుతో పిలవని మనిషి. ఆ రోజు నేను ఏడ్చిన ఏడుపు నిజమే. నలభై రోజుల తర్వాత తెలిసిన సంగతికి, ఆ ఏడుపును వెనక్కి తీసుకోవాలనిపించింది.

ఆయన గురించి మంచే ముందు చెప్తాను, ఎందుకంటే అదీ అబద్ధం కాదు. బస్టాండు వెనక గల్లీలో రిపేరు దుకాణం ఆయనది. వచ్చిన ప్రతి హార్డ్ డిస్కుకూ డాక్టరులా ఒక చీటీ రాసేవాడు. పేరు, ఊరు, జబ్బు, మందు. జబ్బు అన్న చోట "దగ్గుతుంది" అనో, "సోయి తప్పింది" అనో, "నిద్రల లేస్తలేదు" అనో ఉండేది. గార్ల నుంచి వచ్చిన ఒక టీచరమ్మ తన డిస్కు చీటీ మీద "ముసలితనం" అని చదివి, "నాకు రాసినవా, దీనికి రాసినవా అన్నా?" అని అడిగితే గల్లీ అంతా నవ్వింది.

పాత డిస్కు తీసి, దానికన్నా వేగమైన ఎస్ఎస్‌డీ వేయడం మొదలయ్యాక ఆయన దుకాణం కిటకిటలాడింది. పాత దాంట్లో ఉన్నదంతా ఉన్నట్టుగా కొత్తదాంట్లోకి దించడానికి రెండు గూళ్లున్న చిన్న డబ్బా ఒకటి తెచ్చాడు. ఎడమ గూట్లో పాతది, కుడి గూట్లో కొత్తది, మధ్యలో బటన్. స్క్రీను లేదు, అడగడం లేదు, నొక్కితే అయిపోతుంది. గూళ్లు తారుమారైతే పాతదాంట్లో ఉన్నది కాస్తా చెరిగిపోతుంది. అందుకే కొత్తదాని మీద చాచీ గోళ్ల రంగుతో ఒక ఎర్ర చుక్క పెట్టేవాడు. చాచీ అంటే ఆయన భార్య. బటన్ నొక్కే ముందు పనివాళ్లనైనా, నన్నైనా పైకి అనిపించేవాడు: "ఏడికెళ్లి, ఏడికి?"

ఒకసారి కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన ఆఫీసరు ఆ మాట విని, "నేనెక్కడికీ వెళ్లలేదండీ, ఇక్కడే కూర్చున్నాను" అన్నాడు. మాకు "ఏడికెళ్లి" అంటే "ఎక్కడి నుంచి" అని ఆయనకేం తెలుసు? ఉస్తాద్ నవ్వి, "బిడ్డా, గిది గుడ నీ కితాబుల ఎక్కియ్యి" అన్నాడు.

కితాబు అంటే నా మాటల పుస్తకం. చెప్పకపోతే మీకు అర్థం కాదు. తొమ్మిదేళ్లు, కార్డులకూ కరపత్రాలకూ మధ్య దొరికిన ప్రతి ఖాళీలో, మా వైపు మాటలు ఒక ఫైలులో టైపు చేసుకున్నాను. మాట, అర్థం, చెప్పినవారు. సినిమాల్లో మా మాట వినబడితే హాలంతా నవ్విన కాలంలో పెరిగినదాన్ని నేను. ఆ కసి కొంత ఉంది. నర్మెట్టలో మా అవ్వ దగ్గర పడుకొని అడిగితే మాట మీద మాట వచ్చేది, ఇగురం అంటే తెలివిడి, యాష్ట అంటే విసుగు, ఇట్లా. భూపాలపల్లిలో రిటైరైన ఒక బొగ్గుబాయి తాత, నేల కింద వాడే మాటలన్నీ రెండు రోజులు కూర్చోబెట్టి చెప్పాడు. ఉస్తాద్ ఇచ్చిన మొదటి మాట తనాబ్బి. వాళ్లింట్లో చాయ్ తాగుతూ, గోడలో కట్టిన అరను ఏమంటారని అడిగాను. "తనాబ్బి అంటరు బిడ్డా. నీ అసొంటోళ్లు అల్మారా అంటరు" అని వెక్కిరించాడు.

ఆరేళ్ల కిందట, దసరా వెళ్లిన వారానికి, నా కంప్యూటర్ ఆయనకిచ్చాను. తెరుచుకోవడానికి పావుగంట పడుతోంది, ఎస్ఎస్‌డీ వేయమన్నాను. నాకు బ్యాకప్ ఉంది కూడా. డీ డ్రైవులో ఇంకో కాపీ! అదీ అదే డిస్కు అన్న ఇగురం నాకప్పుడు లేదు. నవ్వుకోండి.

మర్నాడు వెళ్తే ఉస్తాద్ నా ముఖం చూడలేదు. "నీ డిస్కు ముందే సచ్చింది బిడ్డా. షట్‌డౌన్ చెయ్యకుంట స్విచ్చు గుంజుతవు, ఎన్నిసార్లు జెప్పిన? ఏం మిగల్లె" అన్నాడు. స్విచ్చు గుంజేది నిజమే. ఎన్నిసార్లు చెప్పాడో అదీ నిజమే. అప్పుడు నేనేం అన్నానో తెలుసా? "మాఫ్ చెయ్యి ఉస్తాద్, నీ మాట ఇనలె" అన్నాను. ఆయన గోడ వైపు తిరిగి దగ్గాడు. తొమ్మిదేళ్ల పని పోగొట్టుకున్నదాన్ని, నేనే క్షమాపణ చెప్పుకొని ఇంటికి వచ్చాను.

మళ్లీ ఆ పని ముట్టుకోలేదు. ఏ ముఖం పెట్టుకుని పోయి అడగను? అవ్వ ఇంకా రెండేళ్లు బతికింది. "రాసుకుంటలేవేందే?" అని అడిగితే తీరిక లేదన్నాను. నా చేతులారా పారేసుకున్నానని చెప్పలేకపోయాను. బాయి తాత డిస్కు పోయిన మరుసటి ఏడే పోయాడు.

ఉస్తాద్ మాత్రం నాకు మరింత దగ్గరయ్యాడు. పిలవకుండానే వచ్చి సిస్టం చూసిపోయేవాడు. రంజాన్‌కు మొదటి డబ్బా షీర్ ఖుర్మా నాకే. దసరాకు తానే వచ్చి సీపీయూ తుడిచి, మూత బిగించి, "బొట్టు పైన పెట్టు బిడ్డా, లోపట వద్దు" అనేవాడు. లోపల వేడెక్కుతుందేమో అనుకున్నాను. కొత్త డిస్కులకు ఎర్ర చుక్క మానేసి పచ్చ టేపు అతికించడం మొదలుపెట్టాడు. రంగు అయిపోయిందేమో అనుకున్నాను. అనుకోవడానికి నాకేం, ఎన్నైనా అనుకున్నాను.

నలభయ్యో రోజు వాళ్లింటికి పోయాను. ఫాతిహా ప్రార్థన అయ్యాక అందరూ లేచిపోయారు. చాచీ నన్ను చేయి పట్టి ఆపింది. తనాబ్బిలోంచి ఒక బిస్కెట్ డబ్బా తీసి నా ఒళ్లో పెట్టింది. "ఇది నీ అమానత్ బిడ్డా. ఇంకెన్ని దినాలు నా దగ్గర పెట్టుకోను?"

డబ్బాలో నా పాత డిస్కు. దాని మీద, ఎండి నల్లబడిన కుంకుమ బొట్టు.

అది నేను పెట్టిందే. ఆ ఏడు దసరాకు సీపీయూ మూత తీసి దుమ్ము దులిపి, లోపల దేన్నీ వదలకుండా బొట్లు పెట్టాను. నాది ల్యాప్‌టాపులో వేసే చిన్న సైజు డిస్కు, చూడ్డానికి ఎస్ఎస్‌డీ లాగే ఉంటుంది. బరువులో తేడా ఉంటుంది కానీ, అప్పటికే పొర కమ్మిన కళ్లతో ఆయన వెతికింది చుక్కనే.

"గా దినం ఇంటికొచ్చి అన్నం ముట్టలె," అంది చాచీ. "'బిడ్డ బొట్టు పెట్టింది, నేను నా సుక్క అనుకున్న. ఖాళీదాన్ని తీసి నిండుదాని మీద పోసిన' అని తల కొట్టుకున్నడు. పోయి చెప్పుమన్న. రేపు చెప్త అన్నడు. గా రేపు ఆరేండ్లయినా రాలె."

"నీకు ఎరుకేనా చాచీ? గిన్నేండ్లు నాకు చాయ్ పోసుకుంట?"

"నా నోట చెప్పొద్దని ఒట్టేయించుకున్నడు బిడ్డా." ఆమె ఏడ్చింది. నేను ఊరుకోమనలేదు. ఆ తనాబ్బి కిందనే కూర్చుని ఆరేళ్లు చాయ్ తాగాను. నా తొమ్మిదేళ్లు నా తల మీదే, జానెడు దూరంలో, బిస్కెట్ డబ్బాలో ఉన్నాయి.

నీ బొట్టు వల్లే అని చెప్తే నొచ్చుకుంటాననుకున్నాడా? పండగపూట మొక్కిన చేతిని తప్పుపట్టడం ఇష్టం లేకపోయిందా? అలా అనుకుంటే కాస్త చల్లబడతాను. కాసేపే. తప్పు చేసినందుకు నాకు కోపం లేదు, ఎవరి చేయైనా జారుతుంది. ఆ తప్పు తెచ్చి నా నెత్తిన పెట్టాడు చూడండి, అది మింగుడుపడదు. నిజం చెప్పి ఉంటే నాలుగు తిట్లు తిట్టి, మర్నాడే నోటుబుక్కు పట్టుకుని నర్మెట్ట బస్సెక్కేదాన్ని. అవ్వ ఉంది, తాత ఉన్నాడు, మాటలు వాళ్ల నోళ్లలో ఉన్నాయి. దగా చేశావు ఉస్తాద్. ఇంత ప్రేమగా దగా చేసినవాళ్లను ఏమనాలో నా కితాబులో మాట లేదు.

ఇంటికి వచ్చి డిస్కును కేబుల్‌కు తగిలించాను. మెత్తగా గిర్రుమంది. ఒక్క దగ్గు లేదు. లోపల ఒక్క అక్షరమూ లేదు. డబ్బా అడుగున చీటీ దొరికింది, ఆయన చేతిరాతే.

పేరు: బిడ్డ. ఊరు: మనదే. జబ్బు: లేదు.

మందు అన్న చోట ఖాళీ వదిలేశాడు.

ఇవాళ పొద్దున కొత్త ఫైలు తెరిచాను. మొదటి మాట: తనాబ్బి. అర్థం: గోడలో కట్టిన అర. చెప్పినవారు, అని కొట్టి ఆగాను. మధ్యాహ్నమైంది. కర్సరు ఇంకా అక్కడే కొట్టుకుంటోంది.