నాలుగు రాష్ట్రాల టోళ్లు, సూర్యాపేటలో ఒక లైసెన్సు పరీక్ష

సోలాపూర్ నుంచి సూర్యాపేటకు నేను కారు తీసుకెళ్లింది చుట్టపుచూపుకు కాదు. అక్కడ ఒకరికి ఆ కారు ఒక్క పూట కావాలి. నేనొక కళాశాల గ్రంథాలయంలో పనిచేస్తాను. మూడు తరాల కింద మగ్గం పనికి సోలాపూర్ చేరిన తెలుగు కుటుంబం మాది. చిన్నప్పటి పోలియోతో రెండు కాళ్లూ బలహీనపడ్డాయి కాబట్టి నిలబడాలంటే కాళ్లకు బిగించే కాలిపర్లు, ఊతకర్రలు కావాలి. కారు మాత్రం ఆరేళ్లుగా నేనే నడుపుతున్నాను. గేర్లు మార్చే పని లేని ఆటోమేటిక్ బండి. స్టీరింగ్ కింద ఒక పిడి బిగించి ఉంటుంది. ముందుకు తోస్తే బ్రేకు, కిందికి నొక్కితే వేగం.

ఇలాంటి బండ్లు నడిపేవాళ్ల వాట్సాప్ గుంపులోనే నేరేడుచర్ల యాదమ్మ పరిచయమైంది. పదేళ్ల కిందట రోడ్డు ప్రమాదంలో ఆమెకు కుడికాలు మోకాలి కింద నుంచి పోయింది. మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లులో కాంటా దగ్గర గుమస్తాగా పనిచేస్తోంది. రోజూ షేర్ ఆటోలో పాతిక కిలోమీటర్లకు పైగా ప్రయాణం. ఊళ్లు తిరిగి వడ్లు చూసి కొనే పని ఆమెకు ఇవ్వాలని మిల్లు యజమానికి ఉంది కానీ, ఎక్కడికైనా తనంతట తాను వెళ్లగలిగితేనే అన్నాడు. యాదమ్మ ఒక పాత కారు కొనుక్కుంది. దానికి చేతి పిడి బిగించి కాగితాల్లో ఎక్కించాలంటే ముందు లైసెన్సు చూపమన్నారు. లైసెన్సు పరీక్షకు వెళ్తే చేతి పిడి ఉన్న కారు తెచ్చుకోమన్నారు. అలాంటి కారు ఆమెకు తెలిసినవాళ్లెవరి దగ్గరా లేదు. రెండుసార్లు పరీక్ష తేదీ తీసుకుని రెండుసార్లూ వదులుకుంది. ఆమె సోలాపూర్ వచ్చి మా ఇంట్లో పన్నెండు రోజులుండి నా కారు మీదే నడపడం నేర్చుకుంది. లెర్నర్ లైసెన్సు గడువు ముగిసేలోగా మిగిలింది ఇంకొక్క తేదీ. ఈసారి కారు నేను తెస్తానని మాటిచ్చాను.

నిజానికి దారి చాలా సులువు. సోలాపూర్ నుంచి కోదాడ దాకా ఒకటే జాతీయ రహదారి, అరవై ఐదు. మహారాష్ట్ర దాటి, కర్ణాటకలో కాసేపు నడిచి, జహీరాబాద్ దగ్గర తెలంగాణలోకి వస్తుంది. నేను మూడు వేలు పెట్టి ఫాస్టాగ్ వార్షిక పాస్ తీసుకున్నాను. జాతీయ రహదారుల మీద రెండు వందల టోళ్ల వరకు మళ్లీ డబ్బు పోదు. మొదటి రోజు ఉదయం ఆరున్నరకు బయలుదేరితే ఒక్కో టోల్ దగ్గర గేటు లేస్తూనే ఉంది. హైదరాబాద్‌లో ఊరి రద్దీ తప్పించుకోవడానికి పటాన్‌చెరు దగ్గర ఔటర్ రింగ్ రోడ్డెక్కి పెద్ద అంబర్‌పేట దగ్గర దిగాను. అక్కడ పాస్ చెల్లదు, ట్యాగ్‌లోని బ్యాలెన్స్ నుంచి డబ్బు పోతుంది. ఈ సంగతి ముందే తెలుసు కాబట్టి ఐదు వందలు వేసి ఉంచాను. అన్నీ సరిచూసుకున్నాననే ధీమాతో ఆ రాత్రి హయత్‌నగర్‌లో చిన్నాన్న కూతురింట్లో హాయిగా నిద్రపోయాను.

రెండో రోజు యాదమ్మ పరీక్ష పదిన్నరకు. హయత్‌నగర్ నుంచి సూర్యాపేట రెండున్నర గంటల లోపే. అయినా ఆరున్నరకే బయలుదేరాను. ఆ ఉదయం వచ్చిన మొదటి టోల్ దగ్గర గేటు లేవలేదు. తెర మీద ఎర్రటి అక్షరాలు. వెనక ఒక లారీ, దాని వెనక రెండు బస్సులు. బూత్‌లోంచి ఒక ఉద్యోగిని, నలభై ఏళ్లుంటాయేమో, తల బయటకు పెట్టి ట్యాగ్ బ్లాక్‌లిస్ట్‌లో ఉందని చెప్పింది. పక్కకు పెట్టి ఆఫీసు దాకా రమ్మంది. ఆఫీసు రోడ్డు అవతల, ఆరు వరుసలు దాటి ఉంది.

నిన్నంతా పనిచేసిన ట్యాగ్ తెల్లారేసరికి ఎలా చచ్చిందో అర్థం కాలేదు. కాలిపర్లు బిగించుకుని, కర్రలు తీసుకుని, లారీల మధ్య ఆరు వరుసలు దాటి, తిరిగి రావాలంటే అరగంట అక్కడే పోతుంది. బండి పక్కకు తీసి ఆమెను పిలిచాను. దిగి రావడం నాకు కష్టమని, డబ్బు కట్టే స్కానర్ ఇక్కడికి తెస్తే నిమిషంలో అయిపోతుందని చెప్పాను. ఆమె కిటికీలోంచి లోపలికి చూసింది. నా కాళ్లు, పక్క సీట్లోని కర్రలు, స్టీరింగ్ కింది పిడి.

"గాడనే కూసోండ్రి మేడం. నేనే తెస్త," అంది.

దేశమంతటా ఉన్న నిబంధన ఇది: ట్యాగ్ పనిచేయకపోతే నగదుగా రెట్టింపు కట్టాలి, యూపీఐతో అయితే పావు వంతు ఎక్కువ. నేను యూపీఐతో కట్టాను. మొదటిసారి చక్రం తిరిగి తిరిగి ఆగిపోయింది, రెండోసారి పడింది. అప్పుడు ఆమె నా ఫోన్‌కు ట్యాగ్ ఇచ్చిన బ్యాంకు నుంచి సందేశాలేమైనా వచ్చాయేమో చూడమంది. చూస్తే మూడున్నాయి. ఈ ట్యాగ్ ఈ బండిదేనని ఫొటోలు, ఆర్‌సీ ఎక్కించి నిరూపించమని, దాన్నే కేవైవీ అంటారు, రెండు వారాల నుంచి అడుగుతున్నారు. ఏవో ప్రకటనలనుకుని నేను తెరవనే లేదు. గడువు నిన్నటితో ముగిసింది. తప్పు పూర్తిగా నాదే.

ఫొటోలు తీయాలన్నా కిందికి దిగాలి కదా అనుకుంటుండగానే ఆమె చెయ్యి చాపి నా ఫోన్ తీసుకుంది. ముందు నుంచి నంబరు ప్లేటు కనబడేలా ఒకటి, పక్క నుంచి ఒకటి, అద్దం మీది ట్యాగ్‌ది ఒకటి తీసి ఇచ్చింది. "ఇవి యాప్‌ల ఎక్కియ్యుండ్రి. జల్దిన అయితది," అని చెప్పి, లారీ డ్రైవర్ హారన్ కొడుతుంటే అతన్ని కసిరి, నాకు గేటెత్తింది. ఇలాంటి బండ్లకు టోల్ లేకుండా మినహాయింపు ట్యాగ్ దొరుకుతుందని, ఆర్‌సీలో ఆ మేరకు నమోదై ఉంటే దరఖాస్తు పెట్టుకోవచ్చని కూడా ఆమే చెప్పింది. ఆరేళ్లలో ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు.

రెండో టోల్ నకిరేకల్ దాటాక వస్తుంది. ఈసారి వాళ్లు అడగకముందే ట్యాగ్ పనిచేయదని చెప్పి ఫోన్ చూపించాను. రెండు నిమిషాల్లో బయటపడ్డాను. సూర్యాపేట చేరేసరికి తొమ్మిదీ నలభై. రవాణా కార్యాలయం గేటు పక్కన సిమెంటు దిమ్మె మీద యాదమ్మ కూర్చుని ఉంది. హుజూర్‌నగర్ మీదుగా బస్సులో వచ్చి ఏడున్నర నుంచీ కనిపెట్టుకుని ఉందట. నన్ను చూసి లేచి వచ్చింది. కారు బానెట్ మీద రెండు చేతులూ ఆనించి కాసేపు అలాగే నిలబడింది.

పరీక్ష చేసే ఇన్‌స్పెక్టర్ కాగితాలు తిరగేసి, కారు ఆమెది కాదని, నంబరు పక్క రాష్ట్రానిదని ఆగాడు. నేను ఆర్‌సీ ఇచ్చాను. అందులో ఈ కారు కాళ్లు పనిచేయనివారికి అనువుగా మార్చినదని రాసి ఉంది. బీమా, కాలుష్య ధ్రువపత్రం, కారు వాడుకోవడానికి నా అంగీకారపత్రం ఇచ్చాను. ఆయన వాటిని రెండుసార్లు చదివి లోపలి గదిలోకి వెళ్లాడు. పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలూ యాదమ్మ నా వైపు చూడలేదు, నేనూ ఆమె వైపు చూడలేదు. బయటకు వచ్చి ఆయన అన్నది ఒకటే మాట.

"బండి యాడిదైతే ఏంది, కాయిదాలు సక్కగున్నయి. ఎక్కు యాదమ్మా."

ఆయన పక్కన కూర్చున్నాడు. నేను గోడ నీడలో కర్రల మీద నిలబడి చూశాను. ఎనిమిది అంకె ఆకారంలో తిప్పడం బాగానే చేసింది. ఎత్తు మీద ఆపి మళ్లీ కదిలించినప్పుడు కారు అంగుళం కూడా వెనక్కి జారలేదు. రివర్సులో మాత్రం ఇండికేటర్ మరచిపోయింది. ఆయన మళ్లీ చేయమన్నాడు. రెండోసారి ఇండికేటర్ వేసి, అద్దంలో చూసుకుంటూ, గుంజల మధ్యకు సూటిగా తెచ్చి ఆపింది. కార్డు ఇంటికి వస్తుందని ఇన్‌స్పెక్టర్ చెబుతుంటే కొంగుతో మొహం తుడుచుకుంది. కన్నీళ్లో చెమటో నేను అడగలేదు.

అక్కడే చెట్టు కింద కారులో కూర్చుని టోల్ దగ్గర తీసిన మూడు ఫొటోలూ, ఆర్‌సీ యాప్‌లో ఎక్కించాను. రెండు గంటల్లో చూస్తామని జవాబొచ్చింది. కోదాడ మీదుగా యాదమ్మ ఇంటికి పోవాలి. కోదాడకు ముప్పావు గంట. యాదమ్మ కారు ముందూ వెనకా ఎర్రటి 'ఎల్' కాగితాలు అంటించి, డ్రైవింగ్ సీట్లోంచి కదలనంది. కార్డు వచ్చేదాకా లెర్నర్ లైసెన్సు చెల్లుతుంది, పక్కన లైసెన్సున్న నేనున్నాను. కాబట్టి నేను కిటికీ వైపు కూర్చున్నాను.

కోదాడలో బైపాస్ పక్కన ఒక మెస్‌లో అన్నం తిన్నాం. ఇద్దరికీ కలిపి రెండు వందల నలభై. గోంగూర, ముద్దపప్పు, ఉలవచారు. వడ్డించే పెద్దాయన మా నంబరు ప్లేటు చూసి ఎక్కణ్నుంచని అడిగాడు. సోలాపూర్ బండి, ఇద్దరమే వచ్చామంటే, పప్పు గిన్నె పట్టుకుని అలాగే నిలబడి, కారెవరు తోలారని అడిగాడు. యాదమ్మ చెయ్యెత్తింది. అక్కడి నుంచి మేం దక్షిణానికి తిరిగి హుజూర్‌నగర్ మీదుగా నేరేడుచర్ల పోవాలి. కానీ యాదమ్మ మనసులో వేరే ఉంది.

"అక్కా, బస్సుల కిటికీకెల్లి సూసుడే గని టోల్‌గేటు ఎన్నడు నా చేతుల మీద దాటలే. ఒక్కపారి దాటుత."

దగ్గరలో టోల్ ఎక్కడుందని పెద్దాయన్ను అడిగాను. "బోర్డర్ దాటాక ఇరవై కిలోమీటర్లుంటదండి. గేటు దాటి కొంచెం ముందుకెళ్తే తిరగడానికి దారుంది," అన్నాడు. యాప్ ఇంకా 'పరిశీలనలో' అనే చూపిస్తోంది. గేటు లేవకపోతే మళ్లీ పావు వంతు ఎక్కువ కట్టాలి, ఆమె సరదా కూడా చప్పబడుతుంది. వద్దని చెప్పబుద్ధి కాలేదు.

రామాపురం దగ్గర ఆంధ్రప్రదేశ్‌కు స్వాగతం బోర్డు వచ్చింది. యాదమ్మ వేగం తగ్గించి దాన్ని పైకి చదివింది. నంబరు ప్లేటు మహారాష్ట్రది, నడిపేది తెలంగాణ మనిషి, రోడ్డు ఆంధ్రాది. టోల్ కనబడుతుండగా నా ఫోన్ మోగింది. ట్యాగ్ మళ్లీ పనిచేస్తోందని సందేశం. నేను చెప్పేలోపే ఆమె వరుసలోకి తిప్పేసింది. పిడి మెల్లగా ముందుకు తోసి, ముందు కారుకు మూడు బారల దూరంలో ఆపి, దాని వంతయ్యాక కదిలింది. పచ్చ దీపం. గేటు లేచింది. ఆపకుండా దాటేసింది. బూత్‌లోని మనిషి మమ్మల్ని చూడనైనా చూడలేదు. అదే యాదమ్మకు ఎక్కడలేని సంతోషం.

"ఏమన్నడా అక్కా? ఏం అనలే. అందరి లెక్కనే పోనిచ్చిండు," అని తిరిగి వచ్చేదాకా చెబుతూనే ఉంది.

హుజూర్‌నగర్ దాటాక రోడ్డుకు అటూ ఇటూ సాగర్ కాలువ నీళ్ల పొలాలు. నేరేడుచర్ల ఇంకా ఐదారు కిలోమీటర్లుందనగా ఒక గొర్రెల మంద రోడ్డంతా పరచుకుంది. యాదమ్మ ఓపిగ్గా ఆగింది. వెనక నడుస్తున్న ముసలాయన గొర్రెలను అదిలిస్తూ దగ్గరకొచ్చి, కిటికీలోకి వంగి ఆమెను గుర్తుపట్టి, కారు తనే నడుపుతోందా అని అడిగాడు. ఆమె అవును మామా అంది. ఆయన మంద మొత్తాన్ని ఒక పక్కకు తోలి, తలపాగా సర్దుకుని దారిచ్చాడు. ఐదున్నరకల్లా ఇంటి ముందున్నాం.

మర్నాడు ఉదయం మిర్యాలగూడ. లారీల మధ్య సందుల్లో నాకు భయమేసింది కానీ ఆమెకు ఆ ఊరు అరచేతి గీతల్లా తెలుసు. మిల్లు గేటు లోపలికి తిప్పి, వడ్ల లారీలు తూగే కాంటా పక్కన ఆపి, పని చేసేవాళ్లంతా చూస్తుండగా కర్ర పట్టుకుని దిగింది. బస్తాలు మోసే ఆడవాళ్లు కారు చుట్టూ మూగి, పిడి ముట్టుకుని చూశారు. వాళ్లు సేటు అని పిలిచే యజమాని బయటికొచ్చాడు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదని యాదమ్మ ముందే చెప్పింది.

"నీ బండి పిడి బిగిచ్చుకొని షెడ్డుకెల్లి రాంగనే కల్లాల కాడి కొనుగోలు నీదే. ఆ సీట్ల ఇంకో మనిషిని సూస్కుంట," అంటూ కాంటా గది చూపించాడు. యాదమ్మ సరే సేటూ అని మాత్రం అంది. తర్వాత నన్ను లోపలికి తీసుకెళ్లి, పదేళ్లుగా తను కూర్చున్న ఆ కుర్చీలో కూర్చోబెట్టి చాయ్ తెప్పించింది.

తిరుగు ప్రయాణంలో సోలాపూర్ దాకా ఏ టోల్ దగ్గరా ఆగలేదు. నేను ఇంతకాలం నా ప్రయాణాల్ని నా కాళ్లతో కొలుచుకునేదాన్ని. ఎక్కడ దిగాలి, ఎన్ని మెట్లు, ఎవరిని అడగాలి అని. ఈసారి ఆరు వరుసల రోడ్డు మధ్య ఒక మనిషి నా దగ్గరకు నడిచి వచ్చింది. అడిగితే వస్తారని తెలియడానికి నాకు ఇంత వయసు పట్టింది. ఇక మీకు చెప్పవలసింది: రాష్ట్రం దాటే ముందు రోజు మీ ట్యాగ్ ఇచ్చిన బ్యాంకు యాప్ తెరిచి కేవైవీ పూర్తయిందో లేదో చూసుకోండి. వార్షిక పాస్ ఉన్నా, రాష్ట్ర రహదారుల కోసం కాస్త బ్యాలెన్స్ ఉంచండి. నిన్న యాదమ్మ ఫోన్ చేసి, బయలుదేరే ముందు ఏమేం చూసుకోవాలని అడిగింది. ఆమె కారు షెడ్డు నుంచి వచ్చిందట. కోతలు మొదలయ్యేలోగా సోలాపూర్ వస్తానంటోంది, తనే నడుపుకుంటూ. ఫోన్‌లో చెబితే మరచిపోతానంది, అందుకే ఇదంతా రాసి పెట్టాను.