గోడ మీది గాజుపెంకులు

మొన్న మా మనవరాలు కొత్తగా వేయించుకున్న వంటింటి గట్టు చూపించడానికి నన్ను వాళ్లింటికి తీసుకెళ్లింది. నల్లటి గట్టు, అందులో అక్కడక్కడ ఆకుపచ్చ, నీలం తళుకులు. "పారేసిన సీసాలు పగలగొట్టి చేస్తరు నానమ్మా, ఎంత నున్నగుందో చెయ్యిపెట్టి చూడు" అంది. మోకాళ్ల నొప్పులని చెప్పి కుర్చీలో కూలబడ్డాను. చెయ్యి పెట్టడానికీ మోకాళ్లకూ సంబంధమేమిటో పాపం దానికి అర్థమై ఉండదు.

పగిలిన గాజుతో బతకడం నేను ఎప్పుడో చూశాను. సికింద్రాబాదు బోయిగూడకు నేను కోడలిగా వచ్చేనాటికి పక్కింట్లో ఒక ముసల్మాను కుటుంబం ఉండేది. ఇంట్లో మాలాగే తెలుగు మాట్లాడుకునేవాళ్లు, కోపం వస్తేనే ఉర్దూ. ఇంటికి పెద్దదిక్కు ఒక పెద్దావిడ. భర్త లేడు, ఒక కొడుకు, కోడలు. వీధంతా ఆవిణ్ణి గాజులత్త అనేది. పెరట్లో మట్టి కొలిమి పెట్టుకుని పగిలిన సీసాలు, దీపం చిమ్నీలు కరిగించి గాజులు పోసేది. మా ఆయన లాలాగూడ రైల్వే కార్ఖానాలో పనిచేసేవారు. అక్కడ పారేసే సిగ్నలు దీపాల అద్దం ముక్కల్ని అడిగి తెచ్చి ఆవిడకిచ్చేవారు. పచ్చ ముక్కలు కరిగినా పచ్చగానే ఉండేవి. ఎర్రవి మాత్రం మాడిన బెల్లం రంగుకు తిరిగేవి. ఈ రంగు ఎవరు కొంటారత్తా అని ఒకసారి అడిగాను. "చామనచాయ చేతికి గిదే మంచిగుంటది. నీ చెయ్యేమన్న తెల్లగున్నదా?" అంటూ నా చేతికి నాలుగు ఎక్కించింది. కొత్త కోడలిని, ఉడుక్కున్నాను కూడా.

మా పెరడుకూ వాళ్ల పెరడుకూ మధ్య రొమ్మెత్తు గోడ. పని మధ్యలో ఆవిడ వచ్చి రెండు చేతులూ గోడ మీద ఆనించి నిలబడి మా అత్తగారితో కబుర్లాడేది. కూరగిన్నెలు అటూ ఇటూ దాటేవి. రజాకార్లు మా వీధిలోకి వచ్చిననాడు ఆవిడే మా గుమ్మంలో కూర్చుంది. "ఈడ మా అన్న ఉంటడు. లోపలికి పోవాల్నంటే నన్ను తొక్కి పోండ్రి" అంది. వాళ్లు తిట్టుకుంటూ వెళ్లిపోయారు. మా మామగారు ఆ పూట అన్నం తినలేదు, ఆవిడ చేతులు పట్టుకుని ఏడ్చారు.

ఆ వానాకాలంలో కొడుకు గాజుల మూటతో బీదరు వైపు ఊళ్లకు అమ్మకానికి పోయాడు. అతను అక్కడుండగానే పోలీసు యాక్షన్ మొదలైంది. సికింద్రాబాదులోకి సైన్యం వచ్చిననాడు మా వీధిలో మిఠాయిలు పంచారు. అత్తగారు ఒక పళ్లెం గోడ మీదుగా అందిస్తే గాజులత్త తీసుకుంది. తిన్నదో లేదో తెలియదు. బీదరు వైపు ఊళ్లలో ముసల్మానుల్ని చంపి బావుల్లో వేస్తున్నారని అప్పటికే వీధిలో గుసగుసలు.

కొడుకుతో పోయిన ఇంకో వ్యాపారి చాలా రోజులకు తిరిగొచ్చాడు. మనిషి సగమయ్యాడు. తాను జొన్నచేలో దాక్కుని బతికానని చెప్పి, మూట విప్పి పెట్టాడు. అన్నీ పెంకులే. మాడిన బెల్లం రంగు పెంకులు. ఆ రంగు గాజులు మరెవరూ పొయ్యరు. ఇంకేమీ అడగక్కర్లేకపోయింది. నిండు గర్భంతో ఉన్న కోడలు ఆ మూటను ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది.

ఊళ్లు తిరిగి అమ్మే మనిషి పోయాడు, కొలిమి చల్లారింది. ఇల్లు గడవాలి. అప్పుడే పట్నంలో కలిగినవాళ్లందరికీ ప్రహరీల మీద గాజుపెంకులు పెట్టించుకోవాలని పుట్టింది. ఎవరికి ఎవరంటే భయమో చెప్పలేం గానీ అందరికీ భయమే. గాజులత్త కరిగించడం మానేసి, పగలగొట్టి గంపలకెత్తడం షురూ చేసింది.

ఒకరోజు మా మామగారు గోడ దగ్గర నిలబడి, ఆవిడ ముఖం చూడకుండా అన్నారు: "చెల్లె, గోడ జెర లేపుదామనుకుంటున్న. పెంకులు సుత పెట్టాలె. రోజులు మంచిగ లెవ్వు."

"అవునన్నా, మంచిగ లెవ్వు" అందావిడ.

మా అత్తగారు లోపల్నుంచి వచ్చి "మన గుమ్మంల కూసున్న మనిషి గామె!" అని అరిచారు. మామగారు కండువా వేసుకుని మేస్త్రీ కోసం వెళ్లారు. మేస్త్రీ రెండు వరసలు కట్టి వెళ్లాక సున్నంలో పెంకులు గుచ్చడానికి ఆవిడే వచ్చింది. గంప అడుగున కొడుకు మూట కూడా ఉంది. ఇవెందుకత్తా అన్నాను. "ఇంట్ల ఉంటే కోడలు వాటినే చూస్కుంట కూసుంటది, బువ్వ తింటలేదు. ఈడుంటే ఎవ్వరు ముట్టరు బిడ్డా" అంది. ఒక్కొక్కటే నిలబెట్టి, బొటనవేలితో సున్నం అదిమింది.

తరవాత కొద్దిరోజులకే, మిట్టమధ్యాహ్నం, కోడలికి నొప్పులు వచ్చాయి. మా అత్తగారిని పిలుస్తూ "వదినా!" అని కేక వినిపించి నేను పెరట్లోకి పరుగెత్తాను. గోడ పైన రెండు చేతులు కనిపించాయి. అలవాటు కొద్దీ గాజులత్త గోడ పట్టుకుంది. తెల్లటి సున్నం మీద నెత్తురు మా వైపు కారింది. అత్తగారు వీధి చుట్టూ తిరిగి వాళ్లింటికి పరుగెత్తారు. పిల్లవాడు క్షేమంగా పుట్టాడు. గుడ్డపీలికలు చుట్టుకున్న ఆ చేతుల్లోనే వాణ్ణి పెట్టారు.

సాయంత్రం మామగారు పసుపు, కొబ్బరినూనె పట్టుకుని వాళ్ల గుమ్మం దాకా వెళ్లారు. "నేను పెట్టిన పెంకులే గదన్నా" అందట ఆవిడ.  అరచేతులు మానాయి గానీ వేళ్లు సరిగా ముడుచుకోలేదు. ఇక కొలిమి దగ్గర ఇనుపచువ్వ పట్టి గాజు తిప్పేది లేదు. చలికాలం పోకముందే ముగ్గురూ బండెక్కి అల్వాల్‌లో ఉన్న ఆవిడ తమ్ముడి దగ్గరికి వెళ్లిపోయారు. తరవాత ఏమయ్యారో మేము కనుక్కోలేదు. మామగారు పోయేదాకా పెరటివైపు తలుపు తియ్యనివ్వలేదు.

ఆ ఇల్లు మేము అమ్మేనాటికి నాకు తల పూర్తిగా నెరిసింది. వెళ్లేముందు పీట వేసుకుని ఎక్కి ఆ గోడను తడిమాను. సున్నం చాలాచోట్ల రాలిపోయింది. ఎన్నో వానలు, ఎండలు పోయినా పెంకుల వాడి మాత్రం పోలేదు. కాలం అన్నిటినీ అరగదీస్తుందని ఎవరైనా అంటే నేను ఊరుకుంటాను, అవునని మాత్రం అనను.