చేత్తో రాసిన పేజీ

దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటి ఓనరు నవలలు రాసేవాడు. తెనాలి నుంచి వచ్చిన మేము ఆయన పై వాటాలో అద్దెకుండేవాళ్ళం. ఎవరు ఎందుకు పిలిచినా ఆయన జవాబు ఒకటే: “ఒక్క పేజీ ఆగుర్రి.”

తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఆయన కొత్త నవల అచ్చయింది. ఆయన రాసిచ్చిన ప్రతిలో ఒక పేజీ మా అమ్మ గురించి. రోడ్డు మీద వంటావార్పు చేస్తూ నిరసన తెలుపుతున్నవాళ్ళకు ఒక ఆంధ్రా టీచరమ్మ బిందెడు చారు కాచి తెచ్చిన పేజీ. ఈ సమయంలో అది బాగుండదట! ప్రచురణకర్త ఆయనకు చెప్పకుండానే అచ్చులో ఆ పేజీ తీసేశాడు.

ఆయన పుస్తకాల కట్ట నాచేత మోయించుకుని ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పుకు వెళ్ళి, పొయ్యి పక్కన కూర్చున్నాడు. పుస్తకం అడిగిన ప్రతివాడికీ చివరి తెల్లకాగితం మీద ఆ పేజీని చేత్తో రాసి ఇవ్వసాగాడు.

ఉద్యమ నాయకుడొకడు వంగి చదివి మొహం చిట్లించాడు. “అన్నా, గీ టైంల ఆంధ్రోళ్ళను పొగుడుడేంది? నాకు గా పేజీ లేకుంట ఇయ్యి.”

“తెలంగాణ కావాల్నని నీకంటె ముందే రోడ్డెక్కిన, తమ్మీ. గా చారు నువ్వు గూడ తాగినవు. రాసుడు రాసుడే,” అంటూ ఆయన అతని పుస్తకంలోనూ ఆ పేజీ రాయడం మొదలుపెట్టాడు.

ఇంతలో పోలీసులు వచ్చి అందరినీ వ్యాను ఎక్కించడం మొదలుపెట్టారు. కానిస్టేబుల్ ఆయన భుజం పట్టుకున్నాడు. నాయకుడి పుస్తకంలో ఇంకా నాలుగు వాక్యాలు మిగిలున్నాయి.

ఆయన తల ఎత్తలేదు.

“ఒక్క పేజీ ఆగుర్రి.”